ఉడుంపట్టు

మా ఆయన్ని గ్లాసు షాపులో అందరూ ఉడుం అని పిలిచేవారు. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండేది. మనిషికి పెట్టాల్సిన పేరేనా అది అని మా తమ్ముణ్ణి నిలదీస్తే వాడు పగలబడి నవ్వాడు. "అది తిట్టు కాదక్కా. బావ పట్టుకున్నాడంటే ఉడుంపట్టే. గ్లాసు పగలాలి గానీ బావ చెయ్యి జారదు" అన్నాడు. వాడూ అదే షాపులో పని. పెద్ద గ్లాసు ఏది కదలాలన్నా ముందు చివర మా తమ్ముడు, వెనక చివర మా ఆయన. వాళ్ళిద్దరూ జంట. నా సంబంధం కుదిర్చింది కూడా వాడే. ఎలాగూ జంట కుదిరింది, చుట్టరికం కూడా కలుపుకుంటే పోలా అనుకున్నట్టున్నాడు. నన్ను అడిగిందెవరు?

గ్లాసు మోసేవాళ్ళకి ఒక పద్ధతుంది. ఎత్తేముందు ఒకడు "ఉందా?" అని అడగాలి. రెండోవాడు "ఉంది" అనాలి. తర్వాత వాడు అడగాలి, వీడు చెప్పాలి. పట్టు ఉందా అని అర్థం. ఈ రెండు ఉందిలూ వినపడితే తప్ప గ్లాసు నేల విడవదు. అవతలి చివర ఉన్నవాడి చేతిలో ఎంత బలం ఉందో కంటికి కనపడదు కదా, మాటే ఆధారం. పట్టు లేకుండానే ఉంది అన్నాడని ఒక్కసారి తెలిసిందా, వాడితో ఇంకెవడూ గ్లాసు ఎత్తడు. ఇంకో పద్ధతి కూడా ఉంది. జారితే వదిలెయ్యాలి. వదిలేసి వెనక్కి గెంతాలి. గ్లాసు పోతే ఇంకో గ్లాసు వస్తుంది.

ఈ రెండో పద్ధతి మా ఆయనకి ఎప్పుడూ ఒంటబట్టలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఒక బట్టల షాపు ముందు పెద్ద గ్లాసు నిలబెడుతుంటే గాలి విసురుగా కొట్టింది. మా తమ్ముడు పద్ధతి ప్రకారం వదిలేసి పక్కకి గెంతాడు. ఈయన వదల్లేదు. కుడిచెయ్యి పైకెత్తి గ్లాసు పై అంచు పట్టుకుని ఉన్నారు. బరువంతా ఆ చేతిని వెనక్కి విరిచింది. భుజం కీలు ముందుకు జారి గుంటలోంచి బయటికొచ్చేసింది. గ్లాసు మాత్రం పగల్లేదు. ఈలోగా మా తమ్ముడు మళ్ళీ వచ్చి పట్టుకున్నాడట. పగల్లేదన్న సంగతి ఆయన తర్వాత ఎన్నాళ్ళు గొప్పగా చెప్పుకున్నారో నాకు తెలుసు. ఆ గ్లాసు ముందు నిలబడి బొమ్మలకి కట్టిన చీరలు చూసే ఆడవాళ్ళకేం తెలుసు, అది మా ఇంటి చెయ్యి అని.

హాస్పిటల్లో చెయ్యి లాగి కీలుని గుంటలో కూర్చోబెట్టి, చేతిని మెడకి కట్టి, మూడు వారాలు కదపొద్దన్నారు. ఆయన ఆ మాట పక్కింటివాళ్ళకి చెప్పినట్టు విన్నారు. మొదటి వారానికే కట్టు విప్పేశారు. నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. "చిన్నపిల్లాణ్ణా నేను?" అన్నారు. చిన్నపిల్లలైతే వింటారండీ అన్నాను.

అప్పట్నుంచి ఆ భుజం కొత్త అల్లుడిలా తయారైంది. దేనికి అలుగుతుందో తెలీదు. చొక్కా చేతిలో చెయ్యి దూరుస్తుంటే జారింది. అటక మీది డబ్బా అందుకోబోతే జారింది. ఒక పొద్దున్న నిద్రలో పక్కకి తిరిగితే జారింది. జారినప్పుడల్లా ముఖం తెల్లగా పాలిపోయేది, నుదుటి మీద చెమట పట్టేది. అరవడం మాత్రం ఎరగరు. ఎడమచేత్తో కుడి మోచేతిని పొట్టకి అదిమి పట్టుకుని, "చూపించుకుని వస్తా" అని వెళ్ళేవారు. గంటా రెండు గంటల్లో మామూలుగా వచ్చేవారు. హాస్పిటల్‌కి వెళ్ళొస్తున్నారనుకున్నాను. నాకు తెలిసి అలా నాలుగైదుసార్లు జరిగింది.

చివరికి నేనే పట్టుబట్టి కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి ఎత్తి వెనక్కి వంచబోయింది. ఆయన కుర్చీలోంచి లేచిపోయినంత పని చేశారు. నొప్పికి కాదు, భయానికి. ఇక జారుతుందని ఆ చేతికి ముందే తెలిసిపోయేదట.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. భుజం గుంట లోతుగా ఉండదు, సాసరులా ఉంటుంది. దాని మీద చేతి ఎముక కొస, నిమ్మకాయంత గుండు. అది దొర్లిపోకుండా గుంట చుట్టూ రబ్బరు లాంటి అంచు ఉంటుంది. మొదటిసారి కీలు జారినప్పుడే ముందువైపు ఆ అంచు ఊడిపోయింది.

"బీడింగ్ ఊడిపోయిందన్నమాట" అన్నారు మా ఆయన.

"బీడింగ్ అంటే?" అందావిడ.

"కిటికీ ఫ్రేములో గ్లాసు పెట్టాక చుట్టూ సన్నటి చెక్క కొడతాం కదమ్మా. అదే గ్లాసుని ఆపేది. అది ఊడితే గ్లాసు చిన్నగాలికే వచ్చేస్తుంది."

ఆవిడ నవ్వి, "అదే. సరిగ్గా అదే" అంది.

రెండు దారులున్నాయని చెప్పింది. ఒకటి, చిన్న చిన్న రంధ్రాలు చేసి, కెమెరా లోపలికి పంపి, ఊడిన అంచుని మళ్ళీ ఎముకకి దారాలతో బిగించి కట్టడం. రెండోది పెద్దది, కోసి చెయ్యాలి. అంచు కింద ఎముక కూడా అరిగిపోయిందనుకోండి, అప్పుడు కుట్లు నిలవవు. భుజం ముందు నుంచి చిన్న ఎముక ముక్క తెచ్చి అక్కడ స్క్రూలతో బిగించాలి. "స్కాన్‌లో ఎముక కొంచెం అరిగినట్టే ఉంది. ఇటూ కాదు, అటూ కాదు. అందుకే అడుగుతున్నా, నిజం చెప్పండి. ఇప్పటిదాకా ఎన్నిసార్లు జారింది?"

"నాలుగో అయిదో" అన్నారు మా ఆయన.

నా లెక్కా అదే కాబట్టి నేనూ తలూపాను. ఆవిడ కుట్ల ఆపరేషన్ చేసింది.

ఆ తర్వాత నెలలన్నీ చెయ్యి మెడకి కట్టుకునే గడిచాయి. ఆయన చొక్కా గుండీలు నేను పెట్టేదాన్ని, అన్నం ఎడమచేత్తో చెంచా పట్టి తినేవారు. కట్టు విప్పాక వ్యాయామాలు మొదలయ్యాయి. గోడ మీద వేళ్ళతో పైకి పాకడం, కర్ర పట్టుకుని పక్కకి నెట్టడం. ఈసారి మాత్రం ఒక్కపూట కూడా మానలేదు. షాపుకి వెళ్ళాలన్న ఆత్రం అలాంటిది. మా తమ్ముడు వేరేవాడితో గ్లాసు మోస్తున్నాడని తెలిసిన రోజున అన్నం మానేశారు. సవతి వచ్చినా నేను అంత బాధపడేదాన్ని కాదేమో.

మళ్ళీ పనిలోకి వెళ్ళారు. ఒక ఆఫీసుకి మీటింగు గదిలో పెట్టే గ్లాసు అది. లిఫ్టులో పట్టలేదు, మెట్ల మీద మోయాలి. కింద మా తమ్ముడు, పైన మా ఆయన, జాగ్రత్తగా కిందికి దించుకుంటూ వెనక్కి తెస్తున్నారు, ఎందుకంటే పైకి చేర్చాక కొలత తప్పని తేలింది. మెట్లు మలుపు తిరిగే చోట రెయిలింగు తగలకుండా పైనున్నవాడు చెయ్యి చాచి గ్లాసుని పైకి లేపాలి.

"ఉందా బావా?" అన్నాడట మా తమ్ముడు.

"ఉంది" అన్నారట ఈయన.

చెయ్యి పైకి లేచింది, భుజం జారింది. ఉడుంపట్టు ఊడిపోయింది. గ్లాసు మా తమ్ముడి మీదికి వచ్చింది. జారితే వదిలేసి వెనక్కి గెంతమంటారు కదా. వెనక మెట్లున్నవాడు ఎక్కడికి గెంతుతాడు? ముఖానికి అడ్డం పెట్టిన కుడిచెయ్యి మణికట్టుకి పైన తెగింది. లోపల వేళ్ళని ముడిచే నరాలు రెండు తెగాయన్నారు. అవి కుట్టారు. వాడు ఆపరేషన్ గదిలో ఉంటే బయట బెంచీ మీద మా ఆయన, జారిన భుజాన్ని అలాగే పొట్టకి అదిమి పట్టుకుని కూర్చున్నారు. నాకు ఎవరి దగ్గర కూర్చోవాలో తెలియలేదు. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనలేదు పెద్దలు. తమ్ముణ్ణి చూస్తే మొగుడి మీద మండేది, మొగుణ్ణి చూస్తే జాలేసేది.

ఇద్దరూ ఇంట్లో కూర్చుంటే ఎలా గడుస్తుంది? షాపు పెద్దాయన దగ్గరికి నేనే వెళ్ళాను. పెద్దాయన మంచివాడే, మాట తక్కువ. వెనక గదిలో ఫ్రేములకి బీడింగ్ కొట్టి లప్పం పెట్టే పని ఇచ్చాడు. లప్పం పిసకడం పిండి పిసకడమే కాబట్టి త్వరగానే చేతికి వచ్చింది.

ఆ గదిలోనే గ్లాసు కోసే బల్ల ఉంది. పెద్ద బల్ల, పైన గ్లాసుకి గీతలు పడకుండా మందపాటి కంబళి పరిచి ఉంటుంది. దాని కింద గాజుముక్కలు వేసే ఇనప బకెట్టు. ఒకరోజు ఊడుస్తూ ఆ బకెట్టు పక్కకి జరపబోయి ఆగిపోయాను. దాని పిడికి గుడ్డ చుట్టి ఉంది. నీలిగళ్ళ తువ్వాలు. మా ఇంటి తువ్వాలు. అది తీగ మీంచి మాయమైతే ఎదురింటావిడే తీసిందనుకుని నేను ఆవిడతో మాటలు మానేసి ఏడాది దాటింది.

"ఇదెక్కడిది తాతా?" అని గ్లాసు కోసే ముసలాయన్ని అడిగాను.

ఆయన గ్లాసు మీద గీత గీసే డైమండు పక్కన పెట్టి నా ముఖం చూశాడు. చెప్పాలా వద్దా అని కాస్త నలిగాడు. "అది ఉడుం మందమ్మా" అన్నాడు.

మందేమిటంటే, భుజం జారినప్పుడల్లా మా ఆయన ఈ బల్ల మీద బోర్లా పడుకునేవారట. కుడిచెయ్యి అంచు నుంచి కిందికి వేలాడేసి, గాజుముక్కలు నింపిన బకెట్టు చేతికి తగిలించుకునేవారట. ఆ బరువుకి కండలు మెల్లగా వదులై, కాసేపటికి టక్కున చప్పుడై కీలు లోపలికి వెళ్ళిపోయేదట. పిడి వేళ్ళకి ఒరుసుకుంటోందని తువ్వాలు తెచ్చి చుట్టుకున్నారట.

"ఎన్నిసార్లు?" అన్నాను.

"లెక్కెవరు పెట్టారమ్మా. వారానికోసారైనా పడుకునేవాడు. ఆపరేషన్ తర్వాత కూడా ఓసారి, ఆ మెట్ల మీద గ్లాసు రోజే, పొద్దున్న. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

ఆ రోజు పొద్దున్న. బస్సు దిగుతూ కడ్డీ పట్టుకుంటే జారిందట. బకెట్టుతో కీలు లోపల కూర్చోబెట్టుకుని, వెంటనే వెళ్ళి గ్లాసు ఎత్తి, మా తమ్ముడు అడిగితే ఉంది అన్నారన్నమాట.

బకెట్టులోని ముక్కలు అక్కడే పారబోసి, ఖాళీ బకెట్టు పట్టుకుని ఇంటికి నడిచాను. దారిలో జనం చూస్తే చూశారు. మా ఆయన గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ఆ రోజుల్లో ఆయనకి గోడే చుట్టం. బకెట్టు తీసుకెళ్ళి ఆయన ముందు ఠంగున పెట్టాను.

"మీ మందు. తెచ్చాను" అన్నాను.

ఆయన తువ్వాలు వంక చూశారు.

"నాలుగో అయిదో అన్నారు కదా డాక్టరమ్మతో. మీకు లెక్కలు రావా, నాకు చెవులు లేవా? ఆవిడ నిజం చెప్పమని అడిగింది కదండీ, బతిమాలినట్టు అడిగింది."

"చెప్తే ఏమయ్యేది" అన్నారు నెమ్మదిగా. "వారం వారం భుజం జారే నాతో ఎవడెత్తుతాడే గ్లాసు? ఈ మాట ఆవిడ నోట నీకు, నీ నోట నీ తమ్ముడికి, వాడి నోట షాపుకి. ఇక ఉడుం ఎక్కడుంటాడు? బల్ల దగ్గర ముసలాడి పక్కన కూర్చుని ముక్కలు కోస్తాడు."

"కూర్చుంటే ఏం? నా తమ్ముడి చెయ్యి ఉండేది."

ఆ మాట అనకూడదనే అనుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. కానీ నోట్లోంచి వచ్చేసింది. ఆయన ముఖం చూసి నాకు భయం వేసింది. ఏడుస్తారనుకున్నాను, ఏడవలేదు. బకెట్టు ఎడమచేత్తో అందుకుని, పిడికి చుట్టిన తువ్వాలు విప్పడం మొదలుపెట్టారు. ఒంటిచేత్తో ముడి రావడం లేదు. నేను సాయం చెయ్యలేదు. అంత కోపం నాకు.

మర్నాడు ఆయన వద్దంటున్నా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. సంగతంతా నేనే చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు, చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. కొత్త స్కాన్ తీయించి చూపించింది. జారినప్పుడల్లా, మళ్ళీ ఎక్కించినప్పుడల్లా గుండు ఆ అంచు మీంచే దొర్లింది. దొర్లి దొర్లి ముందువైపు ఎముకని అరగదీసింది. గుంటలో పావు భాగం లేదు.

"అంటే ఫ్రేమే చెడిపోయింది" అన్నారు మా ఆయన. "బీడింగ్ కొట్టడానికి చెక్క లేదు."

"లేదు. మొదటిసారే చెప్పి ఉంటే మొదటిసారే ఆ పెద్ద ఆపరేషన్ చేసేదాన్ని."

భుజం ముందు వేలితో నొక్కితే తగిలే చిన్న ఎముక ఉంటుందట, పక్షి ముక్కులా ముందుకు వంగి. దానికి అంటుకున్న కండల్ని అలాగే ఉంచి, ఆ ముక్కని కోసి తెచ్చి, అరిగిన చోట పెట్టి రెండు స్క్రూలు బిగిస్తారట. ఎముక గుంటని పెద్దది చేస్తుంది. దాంతో వచ్చిన కండలు చెయ్యి పైకెత్తినప్పుడల్లా కీలుకి ముందు పట్టీలా అడ్డం నిలబడతాయి. "ఇది నిలబడుతుందనే నా నమ్మకం. కానీ దగ్గర్లోనే చేతికి వెళ్ళే నరాలుంటాయి, ప్రమాదం లేదనను. ఇంకోటి, చెయ్యి ఇదివరకటిలా పక్కకి బయటికి తిరక్కపోవచ్చు. ఎంత తగ్గుతుందో ముందే చెప్పలేను."

బయటికొచ్చాక ఆయన మెట్ల మీద కూర్చుండిపోయారు. "వద్దు" అన్నారు. "ఇలాగే ఉండనీ. ఎవరికోసం బాగుచేయించుకోవాలి? నాతో ఎవడెత్తుతాడని?" ఇంటికొచ్చాక కూడా అదే పాట. రెండు వారాలు ఆయన పెదవి విప్పింది ఆ మాటకే. షాపులో పెద్దాయన కొత్త జంటని వెతుకుతున్నాడని నాకు తెలుసు, ఆయనకి చెప్పలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. పైకి రాలేను, మునగలేను.

మా తమ్ముడే వచ్చాడు, చేతికి పట్టీతో. గుమ్మంలోనే నిలబడి, "ఏం బావా, గోడకి సున్నం కొడుతున్నావా, దాన్నే చూస్తున్నావు?" అన్నాడు.

మా ఆయన తల తిప్పలేదు.

"చేయించుకో బావా. నీతో నేనెత్తుతా."

"నీకు బుద్ధుందిరా?" అన్నారు ఈయన గోడతోనే.

"లేదు. ఉంటే మా అక్కని నీకిస్తానా? చేయించుకో. వేళ్ళు బాగానే వస్తున్నాయి నాకు. పెద్దాయనతో మాట్లాడాను. మనకోసం ఆగుతానన్నాడు. మనిద్దరం కలిసి పెద్ద గ్లాసొకటి షాపు యార్డులో ఈ చివర్నుంచి ఆ చివరికి మోసి చూపిస్తే జంట మళ్ళీ మనదే. చూపించలేకపోతే తనని తప్పుపట్టొద్దన్నాడు."

మా ఆయన అప్పుడు ఏడ్చారు. నేను వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టాను. తమ్ముడికి గ్లాసు ఇస్తే ఎడమచేత్తో అందుకున్నాడు. అదేంట్రా అంటే, ఎడమచేత్తో తాగితే టీ రుచిగా ఉంటుందక్కా అని నవ్వాడు. వాడి వెకిలి మాటలు నాకు కొత్తా? పట్టించుకోలేదు.

ఆపరేషన్ రోజున ఆయన చెప్పులూ చొక్కా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తలుపు ముందు కూర్చున్నాను. ఇలాంటప్పుడు ఆడవాళ్ళు మనిషి క్షేమంగా వస్తే చాలనుకుంటారట. నేనలా అనుకోలేదు. చెయ్యి రావాలనుకున్నాను. చెయ్యి రాకపోతే ఆ మనిషి రాడని నాకు తెలుసు. గోడవైపు తిరిగి కూర్చునే ఆ శరీరంతో నేనేం చేసుకోను? పాపపు ఆలోచనే, అయినా అనుకున్నాను. డాక్టరమ్మ బయటికొచ్చి అంతా బాగా జరిగిందంది. వేళ్ళు కదుపుతున్నారా అని అడిగాను. కదుపుతున్నారంది. అప్పుడు లేచి నిలబడగలిగాను.

మళ్ళీ మెడకి కట్టు, మళ్ళీ గుండీలు, మళ్ళీ గోడ మీద వేళ్ళ పాకుడు. చెయ్యి పైకి లేచేది. ముందుకు చాచేది. బరువు మోసేది. జారుతుందన్న ఆ భయం పూర్తిగా పోయింది, నిద్రలో ఎటు తిరిగినా నిబ్బరంగా తిరిగేవారు. ఒక్కటే తక్కువ. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి చేతిని బయటికి తిప్పమంటే, సగం తెరిచి ఇరుక్కుపోయిన తలుపులా ఆగిపోయేది. రోజూ తలుపు గడియ పట్టుకుని ఒంటిని పక్కకి తిప్పి ఆ చేతిని తెరవాలని చూసేవారు. పళ్ళు బిగించిన చప్పుడు నాకు వంటగదిలోకి వినపడేది. నెలలు గడిచాయి, ఆ తలుపు అంతకంటే తెరుచుకోలేదు. చివరిసారి స్కాన్ చూసి డాక్టరమ్మ, "ఎముక అతుక్కుంది, స్క్రూలు కదల్లేదు. బరువులెత్తొచ్చు. గ్లాసు మాత్రం ఎత్తి చూసుకుంటేగానీ మీకే తెలీదు" అంది.

పెద్దాయన మాట మీద నిలబడ్డాడు. ఒక పొద్దున్న యార్డులో స్టాండుకి ఆనించి ఉన్న పెద్ద గ్లాసు చూపించి, "ఊ" అన్నాడు. మోసేవాళ్ళందరూ పనాపి నిలబడ్డారు. బల్ల దగ్గరి తాత కూడా కళ్ళజోడు తుడుచుకుని బయటికొచ్చాడు. నేను లప్పం చేతులతోనే గుమ్మంలో నిలబడ్డాను.

ఇద్దరూ గ్లౌజులు వేసుకున్నారు. మా తమ్ముడు ముందు చివరికి, మా ఆయన వెనక చివరికి వెళ్ళారు. వంగి ఒక చెయ్యి కింది అంచుకి వేశారు, రెండో చెయ్యి పై అంచుకి.

"ఉందా?" అన్నారు మా ఆయన. ఎన్నాళ్ళకో విన్నాను ఆ గొంతు.

"ఉంది" అన్నాడు మా తమ్ముడు, ఠక్కున.

"ఉందా బావా?"

నేను ఆయన కుడిచెయ్యి చూస్తున్నాను. పై అంచు అందింది. కానీ గ్లాసుని తన వైపు వాల్చుకోవాలంటే చెయ్యి బయటికి తెరుచుకోవాలి. అది తెరుచుకోవడం లేదు. వేళ్ళ చివర్లు మాత్రమే అంచు మీద ఉన్నాయి. పది అడుగులు అలాగే నెట్టుకు రావచ్చేమో. యార్డు ఎంతని. చదునైన నేల, మెట్లు కూడా లేవు. ఉంది అనండి అని నా మనసు కొట్టుకుంది. ఒక్కసారికి అనెయ్యండి, అబద్ధమైనా సరే, తర్వాత చూసుకుందాం అని. బకెట్టు మోసుకెళ్ళి ఆయన ముందు పెట్టిన దాన్ని, నేనే అలా అనుకున్నాను.

ఆయన గ్లాసులోంచి మా తమ్ముడి వైపు చూశారు.

"లేదు" అన్నారు.

పెద్దాయన నేల చూపులు చూశాడు. ఆ షాపులో ఆ ప్రశ్నకి ఆ జవాబు ఎవరూ విని ఉండరు. మా ఆయన చెయ్యి ఇంకా గ్లాసు మీదే ఉంది, తీయాలో వద్దో తెలియనట్టు.

మా తమ్ముడు తల వంచుకున్నాడు. వాడి కుడిచేతి వంక అప్పుడు చూశాను నేను. గ్లౌజులో చివరి రెండు వేళ్ళు గ్లాసుని పట్టుకోలేదు. చాపుకుని ఉన్నాయి, ఊరికే ఆనించి ఉన్నాయి. ఎడమచేతి టీ ఏమిటో నాకప్పుడు అర్థమైంది.

"నాకూ లేదు బావా" అన్నాడు వాడు.

గ్లాసు నేల విడవలేదు. కాసేపటికి మా ఆయన ఆ చివర్నుంచి నడుచుకుంటూ ఈ చివరికొచ్చి, మా తమ్ముడి గ్లౌజు పట్టుకుని మెల్లగా లాగారు. వాడు లాగనిచ్చాడు. పెద్దాయన వేరే ఇద్దరిని పిలిచాడు. వాళ్ళు వచ్చి, ఉందా అంటే ఉంది అనుకుని, ఆ గ్లాసు ఎత్తుకుపోయారు.